పాపికొండల అంచున ఫ్రీగా టెంట్ వేసుకోవచ్చా? ఫోన్‌లో మ్యాప్ చూసి అడవి గీత ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

ఈ మధ్య రెండు వేలకే టెంట్ వచ్చేస్తోంది. కొన్నవాళ్ళు నన్ను మొదట అడిగేది అది వానకి తట్టుకుంటుందా లేదా అని కాదు, "అన్నా, ఫ్రీగా ఎక్కడ వేసుకోవచ్చు?" అని. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు ఉండేవాళ్ళకి చుట్టూ చూస్తే వరి చేలు, చేపల చెరువులు, కాలవ గట్లు. కొండ కనపడాలంటే బండి తీసి జంగారెడ్డిగూడెం దాకా పోవాలి. అక్కడి నుంచి బుట్టాయగూడెం దాటితే పాపికొండల వరస మొదలవుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో చూస్తే అంతా పచ్చరంగు. రోడ్డు లేదు, ఇల్లు లేదు, పేరు లేదు. ఇంత ఖాళీ జాగాలో ఒక్క రాత్రి పడుకుంటే ఎవరడుగుతారు అనిపిస్తుంది.

అడుగుతారు. ఎందుకంటే ఆ పచ్చరంగులో ఎక్కువ భాగం ఖాళీ కాదు, రిజర్వ్ ఫారెస్టు. కాబట్టి ఈ ఆర్టికల్‌లో "టాప్ 10 సీక్రెట్ స్పాట్స్" లాంటిది ఉండదు. మన దగ్గర ఫోన్ చేసే అసలు పని స్పాట్ చూపించడం కాదు, ఎక్కడ వేయకూడదో చూపించడం. ఆ గీత తెలిశాక దానికి ఇవతల ఎక్కడ ఉచితంగా పడుకోవచ్చో కనుక్కోవడం అంత కష్టం కాదు.

అమెరికా వీడియోలు మనకెందుకు పనికిరావు?

యూట్యూబ్‌లో క్యాంపింగ్ వీడియోలు చేసేవాళ్ళలో చాలామంది అమెరికా వాళ్ళు. అక్కడ నేషనల్ ఫారెస్టుల్లో, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో "డిస్పర్స్‌డ్ క్యాంపింగ్" అనే పద్ధతి ఉంది. గేటు లేదు, టాయిలెట్ లేదు, కుళాయి లేదు, ఫీజూ లేదు. చాలాచోట్ల ఒకే జాగాలో 14 రోజుల దాకా ఉండనిస్తారు. స్కాట్లాండ్‌లో 2003లో వచ్చిన భూసంస్కరణ చట్టం సాగు లేని నేలమీద ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకునే హక్కునే ఇచ్చింది. స్వీడన్ వాళ్ళకైతే అది తాతల నాటి ఆచారం. అందుకే అక్కడి క్యాంపింగ్ యాప్‌లు పనిచేస్తాయి. చట్టం ముందే "సరే" అంది, యాప్ దారి చూపిస్తుంది, అంతే.

మన దగ్గర చట్టం ముందే "వద్దు" అంది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ప్రకారం రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు పెట్టడం రెండూ నేరాలే. అభయారణ్యం, నేషనల్ పార్క్ అయితే ఇంకా గట్టిగా ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ పర్మిట్ లేకుండా లోపలికి రానివ్వదు, 30వ సెక్షన్ నిప్పు పెట్టనివ్వదు. పాపికొండలు 1978లో అభయారణ్యం అయ్యాయి, 2008లో నేషనల్ పార్క్. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు, గోదావరికి రెండు వైపులా. అంటే మ్యాప్‌లో మనకి అందంగా కనపడే జాగా దాదాపు అంతా ఈ లెక్కలోకే వస్తుంది.

"పగలు వెళ్ళి రావడం ఓకే కదా, గుబ్బల మంగమ్మ గుడికి అందరూ వెళ్తారుగా" అంటారు. వెళ్తారు, నేనూ వెళ్ళాను. కానీ అది పగలే వెళ్ళి పగలే తిరిగొచ్చే చోటు. గుడికి దారి ఉందంటే దాని పక్కన రాత్రి గుడారం వేసుకోవచ్చని కాదు.

కొండలెందుకు, మన కొల్లేరు గట్టుమీదే వేసుకుందాం అనుకునేవాళ్ళకి కూడా ఇదే మాట. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. +5 అడుగుల కాంటూరు లోపలున్న 308 చదరపు కిలోమీటర్లూ ఆ పరిధే. గట్టుమీద పాకలో చెరువు కాపలా కాసేవాళ్ళు పడుకుంటారు కదా అనొచ్చు. వాళ్ళ సంగతి వేరు, సరదాకి వెళ్ళిన మన సంగతి వేరు.

కొల్లేటిలో మీ ఫోన్ మైనస్ డెబ్బై ఎందుకు చూపిస్తుంది?

కాంటూరు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. సరదాగా ఉంటుంది, పనికీ వస్తుంది.

ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర నిలబడి జీపీఎస్ వివరాలు చూపించే యాప్ ఒకటి తెరవండి. కొన్ని యాప్‌లలో ఎత్తు దగ్గర మైనస్ డెబ్బై మీటర్లకు పైన కనపడుతుంది. కొల్లేరు సముద్రం కంటే డెబ్బై మీటర్లు లోతులో ఉందా? లేదు. ఫోన్ పాడైందా? అదీ లేదు. జీపీఎస్ ఎత్తుని కొలిచేది సముద్ర మట్టం నుంచి కాదు, భూమిని నున్నటి గుడ్డు ఆకారం అనుకుని గీసిన ఒక ఊహా తలం నుంచి. అసలు సముద్ర మట్టం ఆ తలానికి ఒక్కోచోట పైన, ఒక్కోచోట కింద ఉంటుంది. హిందూ మహాసముద్రంలో శ్రీలంకకి దిగువన భూమ్యాకర్షణ తక్కువగా ఉండే ఒక పెద్ద పల్లం ఉంది. అక్కడ ఈ తేడా వంద మీటర్లు దాటుతుంది. ఆ పల్లం అంచు మన కోస్తా మీదకీ వస్తుంది కాబట్టి ఇక్కడ డెబ్బై మీటర్లకు పైగా తేడా. మంచి యాప్‌లు దీన్ని సరిచేసి చూపిస్తాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి సముద్ర మట్టం లెక్క సిస్టమ్‌లోనే వచ్చింది.

దీనివల్ల తేలేది ఏంటంటే, +5 కాంటూరు అంటే ఒకటిన్నర మీటరు. ఫోన్ జీపీఎస్ ఎత్తు సరిచేశాక కూడా పది మీటర్లు అటూ ఇటూ పోతుంది. కాబట్టి "ఫోన్‌లో 3 మీటర్లు చూపించింది, నేను అభయారణ్యం బయటే ఉన్నా" అనే వాదన నిలవదు. ఎత్తు చూసి హద్దు చెప్పలేం. హద్దు మ్యాప్‌లో గీసి ఉండాలి, మన చుక్క ఆ గీతకి ఏ వైపు ఉందో చూడాలి. అడ్డంగా, అంటే అక్షాంశ రేఖాంశాల్లో, ఫోన్ చాలా నయం. ఆరుబయట అయిదు మీటర్ల లోపే తప్పుతుంది.

గీత ఎక్కడ దొరుకుతుంది?

నేను వాడేది ఒక మ్యాప్ కాదు, మూడు నాలుగు. ఒక్కోదానికి ఒక్కో గుడ్డితనం ఉంటుంది.

అన్నిటికంటే నమ్మదగింది పాతదే, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్. 1767 నుంచి ఉన్న సంస్థ. 1:50,000 స్కేల్ ఓపెన్ సిరీస్ మ్యాప్‌లని 2017లో నక్షే పోర్టల్ పేరుతో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఖాతా తెరిచి పీడీఎఫ్ దించుకోవచ్చు. వెబ్‌సైట్ నెమ్మది, ఫోన్‌లో ఇంకా చిరాకు, ఓపిక పట్టండి. ఆ షీట్‌లో రిజర్వ్ ఫారెస్టు హద్దు గీసి ఉంటుంది, లోపల ఫారెస్టు పేరు, పక్కన ఆర్.ఎఫ్. అని రాసి ఉంటుంది. గోధుమ రంగు గీతలు కాంటూర్లు, గీతకీ గీతకీ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు దూరం దూరంగా ఉంటే నేల చదును, దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ పడుకుంటే తెల్లారేసరికి టెంట్ అడుగు మూలకి జారిపోతారు. వాగులు రెండు రంగుల్లో ఉంటాయి. నీలం అంటే నీళ్ళుండేది, నలుపు అంటే ఎండిపోయేది. ఈ నలుపు గీతల సంగతి కింద చెప్తాను, అది మర్చిపోకూడదు.

రెండోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాని మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్‌ఆండ్ రెండూ నెట్ లేకుండా పనిచేస్తాయి, ఉచితం. ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక, కొత్తవాళ్ళు దానితో మొదలెట్టొచ్చు. ఓఎస్ఎమ్‌ఆండ్ తెరవగానే సెట్టింగ్స్ చూసి భయమేస్తుంది కానీ, కాంటూరు గీతలు, సంరక్షిత ప్రాంతాల హద్దులు, జీపీఎక్స్ ట్రాక్ అన్నీ ఒకేచోట కావాలంటే అదే. నేషనల్ పార్క్ హద్దు ఇందులో కనపడుతుంది. కాకపోతే గీసింది వలంటీర్లు, కిలోమీటరు అటూ ఇటూ పోయే అవకాశం ఉంది. నా అలవాటు ఏంటంటే, గీతకి దగ్గరగా ఉన్న జాగా ఏదైనా లోపల ఉన్నట్టే లెక్క. రెండు కిలోమీటర్లు ఇవతలికి వస్తే నిద్ర బాగా పడుతుంది.

మూడోది ఇస్రో వాళ్ళ భువన్, 2009 నుంచి ఉంది. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ నడుపుతుంది. దీంట్లో నేల వాడకం లేయర్ ఆన్ చేస్తే అడవి ఎక్కడ, తోట ఎక్కడ, సాగు ఎక్కడ అనేది రంగుల్లో వస్తుంది. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు జీడిమామిడి తోటలు, పామాయిల్ తోటలు పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటాయి. అడవి అనుకుని వదిలేసేది తోట కావచ్చు, తోట అనుకున్నది అడవి కావచ్చు. అక్కడ ఇది పనికొస్తుంది.

నాలుగోది చాలామంది క్యాంపింగ్‌కి వాడొచ్చని అనుకోనిది, మీభూమి. మన రాష్ట్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన భూ రికార్డుల వెబ్‌సైట్. పొలం కాగితాల కోసం నాన్నగారు ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే గ్రామ పటం వస్తుంది, అడంగల్‌లో ఏ సర్వే నంబరు పట్టా, ఏది ప్రభుత్వానిదో ఉంటుంది. టెంట్ వేయాలనుకున్న జాగా పట్టా భూమి అయితే దానికి ఒక యజమాని ఉన్నాడు, అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర ఉచితంగా, కేసు లేకుండా టెంట్ వేసుకునే మార్గం దాదాపు అంతా ఇక్కడే ఉంది: అడవి గీతకి ఇవతల, ఎవరో ఒకరి తోటలో, వాళ్ళు సరే అన్న తర్వాత.

ఎండిన వాగు చదునుగా, ఇసకతో, అందంగా ఉంటుంది. వద్దు

టోపోషీట్‌లో నలుపు గీతలు అన్నాను కదా. జల్లేరు, బైనేరు, ఎర్రకాలవ, వాటిలో కలిసే పేరు లేని వాగులు ఎండాకాలంలో ఇసక తిన్నెల్లా ఉంటాయి. టెంట్‌కి అంతకంటే మెత్తటి నేల ఉండదు. ఫోటోకి కూడా బాగుంటుంది. కానీ పైన ఎక్కడో కొండమీద గంట వాన పడితే కింద మనకి చుక్క పడకుండానే నీళ్ళు వచ్చేస్తాయి.

గూడెం వాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్రకాలవ పొంగితే నందమూరు అక్విడక్టు దగ్గర ఏమవుతుందో, ఎన్ని చేలు మునుగుతాయో ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ నీళ్ళు జంగారెడ్డిగూడెం పైనుంచి వచ్చేవే. తమ్మిలేరు ఏలూరు మీదుగా, బుడమేరు విజయవాడ మీదుగా కొల్లేట్లో కలుస్తాయి. అంటే మనం కింద చూసే వరదకి మొదలు ఆ కొండల్లో ఉంది. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు గట్టు తెగి, మన ఏలూరు జిల్లాలో వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ళమీద పడింది. అంతకుముందు వరదలో చిక్కుకున్న కొందరిని హెలికాప్టర్లో తీసుకురావాల్సి వచ్చింది. వాళ్ళు అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. మనం టెంట్‌లో నిద్రపోతున్న కొత్తవాళ్ళం.

ఇక్కడ ఫోన్ బాగా సాయపడుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే సౌకర్యం 2024 నుంచి ఫోన్‌లోకి కూడా వచ్చింది. మీరనుకున్న జాగా మీద పెట్టి ఏళ్ళు వెనక్కి జరపండి. ఒక్క ఏడాదైనా అక్కడ నీళ్ళు గానీ కొత్త ఇసక మేట గానీ కనపడితే అది వాగు జాగా. ఇంకా తాజా చిత్రం కావాలంటే యూరప్ వాళ్ళ కోపర్నికస్ బ్రౌజర్ ఉంది. సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి తీసిన చిత్రాలు, ఉచితంగా. పది మీటర్ల స్పష్టతే, కాబట్టి టెంట్ కనపడదు కానీ వాగు పారుతోందా ఎండిందా అనేది తెలుస్తుంది. పోలవరం కాఫర్ డ్యామ్ వచ్చాక గోదావరి ఒడ్డు ఊళ్ళ దగ్గర నీళ్ళు నిలిచే తీరు మారింది. అందుకని పదేళ్ళ కిందటి ట్రావెల్ వీడియో చూసి "ఇక్కడ పెద్ద ఇసక తిన్నె ఉంది" అని బయల్దేరకండి.

పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి, పుణెలోని ఐఐటీఎం తయారుచేసింది. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చెప్తుంది. దానికి నెట్ కావాలి. కొండ చాటున నెట్ లేనప్పుడు అది ఊరుకుంటుంది, పిడుగు ఊరుకోదు. కాబట్టి నెట్ ఉన్న చివరి ఊళ్ళో ఒకసారి చూసి, అనుమానం ఉంటే అక్కడే ఆగిపోవడం.

యాప్ తర్వాత మనిషి

ఒక ఫిబ్రవరిలో నేను, నా ఫ్రెండ్ బుట్టాయగూడెం దాటి ఒక చిన్న ఊరికి వెళ్ళాం. మ్యాప్‌లన్నీ చూసి పెట్టుకున్నాం. అడవి గీతకి బాగా ఇవతల, పట్టా భూమి, చదును, వాగుకి ఎత్తున ఉన్న జాగా. ఊరి మొదట్లో ఒక పెద్దాయన కనపడితే బండి ఆపి "తాతా, మాది గూడెం. ఈ రాత్రికి ఇక్కడ టెంట్ వేసుకుంటాం, ఆ తోట ఎవరిది?" అని అడిగాం. ఫోన్‌లో జాగా చూపించాను. ఆయన ఫోన్ వైపు చూడలేదు, చేత్తో అటు చూపించాడు.

"ఆ ఇప్ప చెట్ల కిందా? ఇంకో నెల పోతే అక్కడ పూలు రాలతయి. ఎలుగు వస్తది. ఇప్పుడు రాదులే గానీ, మీరు ఈ మామిడి తోటలో వేసుకోండి. మా తమ్ముడిదే. బోరు కూడా ఉంది."

ఇప్ప పూలంటే ఎలుగుబంటికి ప్రాణం. ఏ శాటిలైట్ లేయర్‌లోనూ ఇప్ప చెట్టు విడిగా కనపడదు, అది పూసే నెలా కనపడదు. మామిడి తోటలో టెంట్ వేసుకున్నాం, ఆయనే పొద్దున్నే వచ్చి లేచామా లేదా అని చూసి వెళ్ళాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. తర్వాతసారి వెళ్ళినప్పుడు గూడెం హోల్‌సేల్ మార్కెట్లో ఒక ఉల్లిపాయల బస్తా తీసుకెళ్ళాం, అది తీసుకున్నారు.

ఇంకో మాట. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, పోలవరం వైపు కొంత షెడ్యూల్డ్ ఏరియా. ఇక్కడ కోయలు, కొండరెడ్ల భూములు బయటివాళ్ళ చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం ఉంది. ఒక రాత్రి టెంట్‌కీ భూమి బదలాయింపుకీ సంబంధం లేదు గానీ, బయటి నుంచి బండ్లమీద వచ్చి ఫోన్‌లో మ్యాప్ చూస్తూ భూములు కొలిచేలా తిరిగేవాళ్ళని చూస్తే అక్కడివాళ్ళకి అనుమానం రావడానికి కారణం ఉంది. ముందు సర్పంచ్ దగ్గరికో గ్రామ సచివాలయానికో వెళ్ళి పేర్లు, ఫోన్ నంబర్లు చెప్పండి. అయిదు నిమిషాల పని. తోట దొరక్కపోతే వాళ్ళే స్కూలు వరండానో కమ్యూనిటీ హాలో చూపిస్తారు. నిజంగా అడవి లోపలే పడుకోవాలంటే రేంజ్ ఆఫీసులో అడగాలి, జంగారెడ్డిగూడెంలో, పోలవరంలో ఉన్నాయి. లేదంటే మారేడుమిల్లి వైపు అటవీ శాఖ, స్థానిక వన సంరక్షణ సమితులతో నడిపే క్యాంపులకి వెళ్ళాలి. అది ఉచితం కాదు, కానీ అక్కడ రాత్రి అడవి చప్పుడు వినొచ్చు, పొద్దున్నే ఎవరూ లేపి ప్రశ్నలు అడగరు.

మంట విషయం ఒక్క వాక్యంలో చెప్పేస్తా: చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళండి, కట్టెలు వెలిగించకండి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ ఆకులు పెట్రోలే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల ద్వారా మంటలు పట్టి అటవీ సిబ్బంది ఫోన్లకి మెసేజ్ పంపిస్తుంది. మనం కూడా నాసా వాళ్ళ ఫర్మ్స్ మ్యాప్‌లో వెళ్ళే రోజు చుట్టుపక్కల ఎర్ర చుక్కలు ఉన్నాయేమో చూసుకోవచ్చు. ఉంటే ఆ వైపు పోవద్దు.

టెంట్‌కి కింద గుడ్డ, నాలుగు వైపులా జిప్ ఉండాలి. కట్లపాము రాత్రిళ్ళు నేలమీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా తెలియదు. ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది. బడ్జెట్ టెంట్ల రివ్యూల్లో నేను జిప్ గురించి అంత గోల చేసేది ఇందుకే. దోమతెర జిప్ రెండోసారికే ఊడిపోయే టెంట్ ఎంత తక్కువకి వచ్చినా దండగ.

నెట్‌వర్క్, జీపీఎస్, బ్యాటరీ

చాలామందికి ఇంకా ఉన్న అపోహ: సిగ్నల్ లేకపోతే జీపీఎస్ రాదని. వస్తుంది. జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, మ్యాప్‌కి మాత్రం ముందే డౌన్‌లోడ్ కావాలి. కాకపోతే నెట్ లేనప్పుడు ఫోన్ ఉపగ్రహాల వివరాలు ఉపగ్రహాల నుంచే నెమ్మదిగా దించుకోవాలి, అందుకే మొదటిసారి లొకేషన్ దొరకడానికి నిమిషాలు పడుతుంది. కిటుకు ఏంటంటే, జంగారెడ్డిగూడెంలో టీ తాగేటప్పుడే మ్యాప్ యాప్ ఒకసారి తెరిచి చుక్క పడేదాకా ఉంచండి. తర్వాత కొన్ని గంటల పాటు లొకేషన్ వెంటనే దొరుకుతుంది.

చెట్ల కింద, లోయల్లో సిగ్నల్ కొండకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి చుక్క గెంతుతూ ఉంటుంది. ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా అందుకునే ఫోన్లలో ఈ గెంతులు తక్కువ. మన నావిక్ కూడా ఎల్5లో వస్తుంది. మీ ఫోన్‌లో ఉందో లేదో బాక్స్ మీద నమ్మకండి, జీపీఎస్‌టెస్ట్ యాప్ వేసి ఆరుబయట నిలబడితే ఏ బ్యాండ్లు వస్తున్నాయో చూపిస్తుంది. అడవి అంచుల్లో తిరిగేవాళ్ళు ఫోన్ కొనేటప్పుడు నేను కెమెరా మెగాపిక్సెల్ కంటే ముందు ఇది చూడమంటాను.

కాల్ సిగ్నల్‌కి టెలికాం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాప్ పెట్టాలని ట్రాయ్ నిబంధన తెచ్చింది. వెళ్ళే ఊరు పేరు కొట్టి చూడండి. 2025 జనవరి నుంచి ఇంకో సౌకర్యం వచ్చింది: డిజిటల్ భారత్ నిధి డబ్బుతో పెట్టిన మారుమూల 4జీ టవర్ల దగ్గర జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు ఒకరి టవర్ ఇంకొకరు వాడుకోవచ్చు. దానికి నెట్‌వర్క్ సెలెక్షన్ ఆటోమేటిక్‌లో ఉండాలి. ఎప్పుడో మాన్యువల్ పెట్టి వదిలేసినవాళ్ళు మార్చుకోండి. ఎమర్జెన్సీ నంబరు 112 ఏ కంపెనీ సిగ్నల్ ఉన్నా దాని మీద వెళ్తుంది. కానీ ఏదో ఒక సిగ్నల్ ఉండాలి.

అయితే శాటిలైట్ మెసెంజర్ కొనుక్కుంటే పోలా అంటారు. వద్దు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలు మన దేశంలో వాడటం నేరం. విదేశీ ట్రెక్కర్లు వీటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నారు. అమెరికాలో అన్న ఉన్నాడని తెప్పించుకోకండి. ఐఫోన్ శాటిలైట్ ఎస్ఓఎస్ కూడా ఇక్కడ పనిచేయదు. దాని బదులు ఇంట్లో ఒకరికి టెంట్ వేసే జాగా లొకేషన్, ఊరి పేరు, ఆ తోట యజమాని నంబరు, "రేపు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కాల్ చేస్తాం" అనే మాట వాట్సాప్‌లో పెట్టి వెళ్ళండి.

బ్యాటరీని ఎక్కువ తినేది జీపీఎస్ కాదు, దొరకని టవర్ కోసం ఫోన్ చేసే వెతుకులాట. సిగ్నల్ పోయాక ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసెయ్యండి, చాలా ఫోన్లలో అప్పుడు కూడా జీపీఎస్ పనిచేస్తుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే నిజంగా ఫోన్‌లోకి ఎక్కేది ఆరు వేల చిల్లరే, మిగిలింది వోల్టేజ్ మార్పులో, వేడిలో పోతుంది. వెనక చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఉంటుంది, అది చూసి కొనండి. ఒక రాత్రికి ఇద్దరికి అది సరిపోతుంది. ఫోన్ టార్చ్‌తో మాత్రం వంట చేయకండి, మూడొందలకి హెడ్‌ల్యాంప్ వస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి.

వెళ్ళడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. మార్చిలో ఇప్ప పూలు, ఎండుటాకులు, జూన్ నుంచి వాగులు. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి, తోట యజమానుల ఇళ్ళ నిండా చుట్టాలు ఉంటారు, మనల్ని పట్టించుకునే తీరిక వాళ్ళకి ఉండదు.